మాంత్రికుడికి సమాపక క్రియ లేదు

మూలం : ఏడు సముద్రాల అవతల చిలుకలో ప్రాణం దాచుకున్న మాయల మాంత్రికుడు రాకుమారిని ఎత్తుకుపోతే, సాహసి అయిన ఒక కుర్రవాడు పోయి, వాణ్ణి చంపి, ఆమెను తెచ్చుకున్నాడు.

అవతారిక : ఈ వాక్యం ఏ పుస్తకంలోదీ కాదు, నేనే కూర్చాను. అయినా ఇందులో నా సొంతం ఒక్క ముక్క లేదు. పెద్దవంగర బస్టాండు కాడ ఎవరినైనా ఆపి ఒక మాంత్రికుని కథ చెప్పమంటే, ఊర్లూ పేర్లూ మార్చి ఇదే చెబుతారు. మా బాపమ్మ దీన్ని నాలుగు రాత్రులు సాగదీసేది. సినిమావాళ్ళు మూడు గంటలకు కుదించారు.

మా తమ్ముని కొడుకు హైదరాబాద్‌లో చదువుతున్నాడు. పండుగకు వచ్చి, "పెదనాయినా, కథంతా మాంత్రికుని దిక్కు నుంచే చెప్పిన నవల మనకేమన్న ఉన్నదా?" అని అడిగాడు. వాడు 2024లో వచ్చిన 'వికెడ్' సినిమా చూశాడట. దానికి మూలం 1995లో గ్రెగరీ మగ్వయర్ రాసిన నవల. 1900 నాటి 'ఓజ్' పిల్లల కథలో ఒక మంత్రగత్తె దుర్మార్గురాలు. మగ్వయర్ ఆమె పుట్టిన నాటి నుంచి కథ మొదలుపెట్టాడు. నాకు నచ్చింది వేరే సంగతి. అసలు కథలో ఆమెకు పేరే లేదు, పడమటి దిక్కు మంత్రగత్తె, అంతే. మగ్వయర్ ఆమెకు ఒక పేరు పెట్టాడు: ఎల్ఫబా. మూలకర్త ఎల్. ఫ్రాంక్ బామ్ పేరులోని ఎల్, ఎఫ్, బి అక్షరాలే కలిపి ఆ పేరు చేశాడు. అంతకు ముందే 1971లో జాన్ గార్డ్‌నర్ పాత ఇంగ్లీషు కావ్యంలోని రాక్షసుడు గ్రెండెల్ చేత వాడి కథ వాడితోనే చెప్పించాడు. 1999లో రష్యాలో కిరిల్ యెస్కోవ్ అనే శిలాజ శాస్త్రవేత్త, టోల్కీన్ కథలో చీకటి రాజ్యంగా ఉన్న మోర్డోర్‌ను చదువూ యంత్రాలూ ఉన్న దేశంగా చూపి, ఓడినవాళ్ళ దిక్కు నుంచి ఒక నవల రాశాడు.

పిల్లవాడికి అప్పుడు సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. వాడు వెళ్ళాక ఈ వాక్యం రాసుకొని కూర్చున్నాను. వ్యాకరణం దగ్గరే ఆగిపోయాను. వాక్యంలో 'అయిన'ను వదిలేస్తే ఐదు క్రియలున్నాయి. 'దాచుకున్న' ధాతుజ విశేషణం, 'ఎత్తుకుపోతే' చేదర్థకం, 'పోయి', 'చంపి' క్త్వార్థకాలు, 'తెచ్చుకున్నాడు' సమాపకం. మొదటి రెండూ మాంత్రికుడివి, మిగతావి కుర్రవాడివి. అంటే వాక్యాన్ని ముగించే హక్కు కుర్రవాడిదే. మాంత్రికుడు ఏం చేసినా అది ఎవరో చేయబోయే పనికి కారణమో, తన పేరు ముందు విశేషణమో అవుతుంది తప్ప సొంతంగా పూర్తి కాదు. 1858లో బాలవ్యాకరణం రాసిన చిన్నయసూరి ఈ అన్యాయాన్ని చూసి ఉండడు, చూసినా అది సూత్రానికి లొంగేది కాదు. ఇక పదాల వెంట పోదాం.

ఏడు సముద్రాల అవతల : మా ఊర్లో నీళ్ళంటే చెరువే. బాపమ్మ 'ఏడు సముద్రాలు' అన్నప్పుడల్లా నేను చెరువు పక్కన చెరువు పెట్టి ఏడు లెక్కపెట్టుకునేవాణ్ణి. 'అవతల' అనేటప్పుడు ఆమె చెయ్యి ఎప్పుడూ తొర్రూరు దిక్కుకే లేచేది. అటువైపు వాళ్ళు అదే కథ చెప్పేటప్పుడు చెయ్యి ఎటు చూపేవాళ్ళో!

ఈ పదంలో బలమంతా 'అవతల'లో ఉంది. మన మాంత్రికుల పేర్లు చూడండి. పాతాళభైరవిలో నేపాళ మాంత్రికుడు. బాలనాగమ్మ కథలో కొందరు చెప్పేది మాయల ఫకీరు, 1942లో జెమినీవాళ్ళు తీసిన సినిమాలో మాయల మరాఠీ. ఊరి మాటల్లో మలయాళ మాంత్రికుడు. నేపాళం, మహారాష్ట్రం, మలయాళం. మనిషి పేరు అడిగితే దేశం పేరు చెబుతున్నాం. మరాఠీ అన్నది ఎప్పటిదో దండు భయం మిగిల్చిన జ్ఞాపకమని నా ఊహ, రుజువు అడగకండి.

అయితే ఒక తమాషా ఉంది. 8వ శతాబ్దపు మొదటి రోజుల్లో భవభూతి 'మాలతీమాధవం' రాశాడు. అందులో అఘోరఘంటుడనే కాపాలికుడు మాలతిని చాముండకు బలి ఇవ్వబోతాడు, మాధవుడు వాణ్ణి చంపుతాడు. వాడి శిష్యురాలు కపాలకుండల పగబట్టి మాలతిని ఎత్తుకుపోతుంది. ఎక్కడికి? శ్రీపర్వతానికి. ఆ గురుశిష్యుల దిక్కు అదే. కథ చివర్లో మాలతిని కాపాడే సౌదామిని మంత్రసిద్ధి పొందిందీ అక్కడే. శ్రీపర్వతమంటే మన శ్రీశైలం. దూరాన కూర్చొని చూసే సంస్కృత కవికి భయంకర మాంత్రికుడు ఉండే చోటు తెలుగు దేశపు కొండ. 1951 నాటి పాతాళభైరవిలో కథ జరిగేది ఉజ్జయినిలో, మాంత్రికుడు వచ్చేది నేపాళం నుంచి. పన్నెండు వందల ఏళ్ళలో మనం చేసిన పని, 'అవతల' అనే బోర్డును మన కొండ మీద నుంచి పీకి ఇంకో కొండ మీద పాతడం.

చిలుకలో ప్రాణం దాచుకున్న : ప్రాణాన్ని ఒంటి బయట దాచడం మన ఒక్కరి కల్పన కాదు. రష్యా కథల్లో కొశ్చేయ్ అనేవాడి చావు సూదిలో ఉంటుంది, సూది గుడ్డులో, గుడ్డు బాతులో, బాతు కుందేలులో, కుందేలు పెట్టెలో, పెట్టె ఒక దీవిలో ఓక్ చెట్టు కింద. 2005లో హ్యారీ పోటర్ ఆరో పుస్తకంలో వోల్డెమార్ట్ తన ప్రాణాన్ని ఏడు తునకలు చేసుకున్న సంగతి బయటపడ్డప్పుడు తెలుగు పిల్లలు ఆశ్చర్యపోయారని నేననుకోను.

కానీ మిగతావాళ్ళది దాచడం, మనవాడిది పెంచడం. సూదికి తిండి అక్కర్లేదు. చిలుకకు జామపండు కావాలి, నీళ్ళు కావాలి, పంజరం కడగాలి, పిల్లి రాకుండా చూడాలి. ప్రాణాన్ని చిలుకలో పెట్టినవాడు రోజూ పొద్దున లేచి ఒక పక్షి బాగుందా అని చూసుకోవాల్సిందే. ఈ పని చేసేవాణ్ణి దుర్మార్గుడంటే ఒప్పుకుంటాను, పట్టించుకోనివాడంటే ఒప్పుకోను. ఇక కుర్రవాడు వచ్చి చేసేదేమిటి? చిలుక కాలు విరుస్తాడు, మాంత్రికుడు కుంటుతాడు. రెక్క విరుస్తాడు, చెయ్యి పడిపోతుంది. చివరికి మెడ. బాపమ్మ ఈ చోటు చెప్పేటప్పుడు మేము కేరింతలు కొట్టేవాళ్ళం. చిలుక ఏం చేసిందని ఎవరమూ అడగలేదు.

మాయల : మాయ ఎవరిది? అసుర శిల్పి మయుడిది అంటారు. ఖాండవవనాన్ని కాల్చేటప్పుడు ప్రాణాలతో బయటపడ్డ మయుడు, వదిలేసినందుకు కృతజ్ఞతగా పాండవులకు మయసభ కట్టి ఇచ్చాడు. అడవిని తగలబెట్టింది వీరులు, సభ కట్టింది అసురుడు.

ఇక్కడికి దగ్గర్లోనే, పాలకుర్తి పక్కన బమ్మెర ఉంది. పోతన ఊరు. ఆయన భాగవతం ఎనిమిదో స్కంధంలోని వామన చరిత్రను ఒక్కసారి ఈ 'మాయ' అనే మాట పెట్టి చదవండి. పొట్టి బ్రహ్మచారి వేషంలో వచ్చి మూడడుగులు అడిగి, బ్రహ్మాండమంతా నిండిపోయింది దేవుడు. వచ్చినవాడెవడో కనిపెట్టి, ఇవ్వకు, మోసపోతావు అని హెచ్చరించింది అసురుల గురువు శుక్రాచార్యుడు. మాయ చేసినవాడు ఇటు, మాయను కనిపెట్టిన మాంత్రికుడు అటు. జనం చెప్పుకునే కథలో ఆ శుక్రుడు తుమ్మెదలా కమండలం మూతికి అడ్డుపడితే దర్భతో కన్ను పొడిచారు. నిజం చూసినందుకు ఒక కన్ను పోయింది. తెలుగులో ఒంటికన్ను వాణ్ణి శుక్రాచార్యుడని వెక్కిరించడం ఇప్పటికీ ఉంది. పోతన భక్తుడు, ఆయన పక్షం ఏమిటో ఆయనే దాచలేదు. అయినా బలి మాట్లాడుతున్నప్పుడు ఆయన కలం ఎంత సేపు ఆ అసురుడి పక్కనే నిలబడుతుందో చదివినవాళ్ళకు తెలుసు.

మాంత్రికుడు : మంత్రం నుంచి వచ్చిన మాట. మంత్రానికి మూలం 'మన్' ధాతువు, ఆలోచించడం. ఆలోచనకు సాధనమైనది మంత్రం. ఇదే ధాతువు నుంచి మంత్రి కూడా వచ్చాడు. ఆలోచన రాజు చెవిలో చెప్పినవాడు మంత్రి అయ్యాడు, గుహలో కూర్చొని చెప్పుకున్నవాడు మాంత్రికుడయ్యాడు. అన్నదమ్ములే, ఆఫీసులు వేరు.

1947 జులైలో చందమామ మొదలైంది. నాగిరెడ్డి, చక్రపాణి నడిపారు. విజయా సంస్థ కట్టి పాతాళభైరవి తీసిందీ వాళ్ళే. చందమామలో 1954లో 'తోకచుక్క'తో మొదలై దాసరి సుబ్రహ్మణ్యం రాసిన సీరియళ్ళు ఒక తరాన్ని నెల నెలా ఎదురుచూసేలా చేశాయి. వాటిలో 'ముగ్గురు మాంత్రికులు', 'భల్లూక మాంత్రికుడు' అనేవి ఉన్నాయి. పేర్లు మాంత్రికులవి, నాయకులు మాత్రం వేరే కుర్రవాళ్ళు. చిత్రా గీసిన ఆ గడ్డాలూ పుర్రెల దండలూ ఇప్పటికీ నా కళ్ళ ముందే ఉన్నాయి. ఇంకో విచిత్రం, ఆ సీరియళ్ళ మీద చాలాకాలం రచయిత పేరు ఉండేది కాదు. అంతమంది మాంత్రికులను పుట్టించినవాడు తానూ పేరు లేకుండానే కూర్చున్నాడు.

ఫకీరు సంగతి ఇంకా లోతైనది. అరబ్బీలో ఫకీరంటే పేదవాడు, ఏమీ లేనివాడు. బాలనాగమ్మ కథ బుర్రకథగా, యక్షగానంగా మా వైపు ఊరూరా తిరిగింది. రాత్రి పూట మాయల ఫకీరును చూసి జనం బెదిరేవాళ్ళు. తెల్లారి అదే జనం ఏం చేసేవాళ్ళో చెబుతాను. పర్వతగిరి దగ్గర అన్నారంలో యాకూబ్ షావలి దర్గా ఉంది. పిల్లలు లేనివాళ్ళు, పిల్లలకు జబ్బు చేసినవాళ్ళు అక్కడికి పోయి మొక్కుకుంటారు, మొక్కు తీరితే పోయి కందూరు చేస్తారు. పుట్టిన పిల్లకు ఆ పేరే పెట్టుకుంటారు. మా వైపు హిందువుల ఇండ్లలో యాకయ్యలు, యాకమ్మలు, యాకూబ్‌రెడ్లు ఎంతమందో లెక్కలేదు. కొమురవెల్లి మల్లన్నకు మొక్కితే కొమురయ్య, ఐలోని మల్లన్నకు మొక్కితే ఐలయ్య, అన్నారం పోతే యాకయ్య. కథలో ఫకీరును చంపి, ఇంట్లో కొడుక్కు ఫకీరు పేరు పెట్టుకున్న జనం మేము. కథ ఒక్కటే విని మమ్మల్ని తూచేవాడు తప్పు తూచినట్టే.

1980 ప్రాంతంలో యండమూరి 'తులసిదళం' వచ్చాక మాంత్రికుడు గుహ వదిలి నగరంలో మధ్యతరగతి ఇంటి గుమ్మం దాకా వచ్చాడు. ఆ నవల చదివి లైటు ఆర్పకుండా పడుకున్నవాళ్ళలో నేనూ ఒకణ్ణి. భయపెట్టడంలో దానికి సాటి లేదు. కానీ అది కూడా ఇటువైపు పుస్తకమే.

రాకుమారిని : ఫకీరు ఎత్తుకొచ్చిన బాలనాగమ్మ వట్టి బందీ కాదు. వ్రతం పేరు చెప్పి ఏళ్ళ తరబడి ఫకీరును దూరంగా నిలబెట్టింది. ఆమె తెలివి అది. ఫకీరు వైపు నుంచి కథ చెప్పేవాడు ఇక్కడ జారి పడతాడు, అన్నేళ్ళు ఆగాడు కదా, మంచివాడే అంటాడు. ఎత్తుకొచ్చి ఆగడం మంచితనం కాదు. నేను చూడమనేది వేరేవైపు. ఆ ఇంట్లో సంగు అనే ఇంకో ఆడది ఉంది, ఫకీరునే నమ్ముకున్నది. 1942 సినిమాలో పుష్పవల్లి ఆ పాత్ర వేసింది. బాలనాగమ్మ వచ్చిన రోజు నుంచి కథ సంగును పక్కకు నెట్టేసింది.

ఎత్తుకుపోతే : జవాబు దొరికిన చోటు ఇదే.

పాతాళభైరవిలో మాంత్రికుడు రాకుమారి ఇందుమతిని మేడతో సహా ఎత్తుకుపోతాడు. వేసింది ఎస్.వి. రంగారావు. దర్శకుడు కె.వి. రెడ్డి, రచన పింగళి నాగేంద్రరావు, కెమెరా మార్కస్ బార్ట్లీ. ఆరేళ్ళకు, 1957 మార్చిలో, ఇదే విజయా సంస్థ, ఇదే దర్శకుడు, ఇదే రచయిత, ఇదే కెమెరామన్, ఇదే రంగారావు కలిసి ఇంకో సినిమా ఇచ్చారు. అందులో రంగారావు నిద్రపోతున్న శశిరేఖను మంచంతో సహా ద్వారక నుంచి ఆకాశంలో ఎత్తుకుపోతాడు. మనం చప్పట్లు కొట్టాం. అది మాయాబజార్.

రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. అక్కడ నేపాళ మాంత్రికుడికి సదాజపుడనే శిష్యుడు, ఇక్కడ ఘటోత్కచుడికి చిన్నమయ, లంబు, జంబు. అక్కడా గద లాంటి గొంతు, ఇక్కడా అదే గొంతు. అక్కడా మనిషి మాయమవుతాడు, ఇక్కడా మాయమవుతాడు. అక్కడ గడ్డం, ఇక్కడ మీసం. బార్ట్లీ కెమెరాకు రెండు మాయలకూ తేడా తెలియదు, నన్నడిగితే ఈ రెండు సినిమాల్లో అసలు మాంత్రికుడు ఆయనే. పెండ్లి ఆపడానికి అడ్డంగా తిరిగే తివాచీ, గిర్రున తిరిగే మంచం పెట్టిన ఘటోత్కచుడి మీద, చేతబడి చేశాడని ఏ కౌరవుడైనా కేసు పెడితే అది నిలబడుతుంది. మహాభారత మూలంలో లేని ఈ శశిరేఖ కథను మన జనం కల్పించుకున్నారు. రాక్షస మాయావి వైపు కూర్చొని చెప్పిన తెలుగు కథ ఇది. అరవై ఏళ్ళు దాటి చూస్తూనే ఉన్నాం, ఏం చూస్తున్నామో గుర్తుపట్టలేదు.

మరి తేడా ఎక్కడ? ఘటోత్కచుడికి తల్లి ఉంది. హిడింబి. ఆమె చెబితే వింటాడు. సుభద్ర పిన్ని, అభిమన్యుడు తమ్ముడు. అతను ఎత్తుకుపోయింది తమ్ముడి కోసం, కాబోయే మరదలిని. నేపాళ మాంత్రికుడికి తల్లి లేదు, పిన్ని లేదు, తమ్ముడు లేడు. అదే పని చుట్టం చేస్తే పెండ్లి ఏర్పాటు, ఎవరూ లేనివాడు చేస్తే అపహరణ. పింగళికి ఇది తెలుసు. మాయాబజార్‌లో రాక్షసుల నోట 'అస్మదీయులు' అనే సంస్కృత మాట 'అసమదీయులు' అయి, దానికి జోడీగా 'తసమదీయులు' పుట్టింది. మనవాళ్ళు, కానివాళ్ళు. నవ్వించడానికి పెట్టిన మాటే. మాంత్రికుల కథల మర్మమంతా ఆ ఒక్క అక్షరం మార్పులో ఉంది.

సాహసి అయిన : ధర్మశాస్త్రాల్లో సాహసమంటే మెచ్చుకోలు కాదు, నేరం. మనువు చెప్పిన పద్దెనిమిది వ్యవహారాల్లో ఒకటి, బలం చూపి దోచడం, కొట్టడం. ఆ అర్థంలో ఈ విశేషణం ఎవరికి తగులుతుందో!

ఒక కుర్రవాడు : పాతాళభైరవి మాంత్రికుడు పిలిచే 'డింభకా' అనే మాటకు సంస్కృతంలో అర్థం పసివాడు, పిల్ల. తెలుగు దేశమంతా ఆ మాటను పట్టుకుంది. తోటరాముడు తోటమాలి కొడుకు. రాజు కూతురిని ఇవ్వాలంటే ఆస్తి చూపించమన్నాడు, ఆస్తి కోసం వీడు మాంత్రికుడి వెంట పోయాడు. మాంత్రికుడు వీణ్ణి బలి ఇవ్వాలనుకున్నాడు, కోనేటి మొసలి దయవల్ల సంగతి తెలిసి వీడే మాంత్రికుడిని బలి ఇచ్చాడు. ఏళ్ళ తపస్సు మాంత్రికుడిది, దేవత ఇచ్చిన బొమ్మ రాముడిది. తిరగేసి చెబితే, కూలి పని పూర్తయ్యే పూట మేస్త్రీని చంపి జీతం పట్టుకుపోయిన కథ. మాంత్రికుడి కత్తి ముందు లేచిందన్నది నిజమే, అది కొట్టేయలేం. సదాజపుడు మూలిక తెచ్చి గురువును బతికించుకుంటాడు. చివరికి రాముడి వైపు ఉన్న అంజి ఆ శిష్యుడి వేషంలోనే వచ్చి మాంత్రికుడి గడ్డం తీయిస్తాడు. శక్తంతా గడ్డంలో ఉంది. గడ్డం పోతే వాడు మామూలు ముసలివాడు. ఈ గడ్డం సంగతి గుర్తుంచుకోండి.

వాణ్ణి : తెలుగులో మనిషిని ఎక్కడ కూర్చోబెట్టాలో సర్వనామం చెబుతుంది. వాడు, అతను, ఆయన. నా చిన్నప్పుడు ఊరి చివర ఒక ముసలాయన ఉండేవాడు. వేర్లు అమ్మేవాడు, తాయెత్తు కట్టేవాడు, బెణికిన చెయ్యి సరిచేసేవాడు. మాకు ఊర్లో ముసలివాళ్ళందరూ తాతలే. కులమేదైనా తాత అనాల్సిందే, లేకుంటే ఇంట్లో వీపు పగిలేది. ఆయన ఒక్కణ్ణి మాత్రం ఎనిమిదేండ్ల పోరగాండ్లం కూడా 'వాడు' అనేవాళ్ళం. ఎవరూ సరిదిద్దలేదు. వాడిచ్చింది తినొద్దు, వాడి కండ్లల్లకు చూడొద్దు. నా చెయ్యి బెణికితే మాత్రం బాపమ్మ చీకటి పడ్డాక ఆయన కాడికే తీసుకుపోయింది. ఆ ఒక్క రాత్రి నా ముందే ఆయన్ని "అన్నా" అని పిలిచింది. పొద్దున మళ్ళీ 'వాడు'.

అయితే ఇంకో 'వాడు' ఉంది. "మావాడు పదో తరగతి పాసైండు" అనే తల్లి నోట్లోది. అక్షరాలు అవే. ఒకటి గుండెకు హత్తుకునేది, ఇంకొకటి ఊరవతల పారేసేది. ఈ రెండు 'వాడు'ల మధ్య దూరమే ఏడు సముద్రాలు అనిపిస్తుంది నాకు.

చంపి : క్త్వార్థకం. ఇంకో పనికి పోతూ దారిలో చేసిన పని. పోయి, చంపి, తెచ్చుకున్నాడు. భాషలో చంపడం ఇంత తేలిక.

పత్రికల్లో దీనికి ఒక స్థిరమైన మాట ఉంది: 'మంత్రాల నెపంతో'. నెపమంటే వంక, సాకు. ఆ శీర్షిక పెట్టిన సబ్ ఎడిటర్ ఎవరో కానీ, వ్యాఖ్యాతలందరి కన్నా బాగా వ్యాఖ్యానించాడు. మంత్రాలు కారణం కాదు, నెపం అని ఒక్క మాటలో తేల్చాడు. తెలంగాణ జిల్లాల నుంచి ఏళ్ళ తరబడి ఇలాంటి వార్తలు వస్తూనే ఉన్నాయి. బాణామతి అన్నారు, చేతబడి అన్నారు. చిన్నపిల్ల జ్వరంతో పోతే, ఎడ్లు చస్తే, ఇంటి పక్క ముసలిదానివైపు వేలు చూపారు. భూమి తగాదా లోపల ఉండేది, పైకి మంత్రం పేరు వినబడేది. దేశంలో నేరాల లెక్కలు రాసే జాతీయ సంస్థ హత్యల కారణాల పట్టికలో దీనికి ఒక గడి విడిగా పెట్టింది.

పళ్ళు పీకడం అనేది ఒకటి ఉంది. మంత్రగాడని ముద్రపడ్డవాణ్ణి పట్టుకొని, చెట్టుకు కట్టేసి, ముందు పళ్ళు ఊడగొడతారు. పళ్ళు లేకుంటే అక్షరం స్పష్టంగా పలకదు, పలకకుంటే మంత్రం పారదు అని లెక్క. మంత్రశాస్త్రాన్ని ఇంత నిష్ఠగా నమ్మినవాళ్ళు అక్కడ చెట్టుకు కట్టబడ్డవాడు కాదు, పట్టకారు పట్టుకున్నవాళ్ళు. సినిమాలో గడ్డం తీస్తే హాలంతా నవ్వింది. గడ్డం మళ్ళీ మొలుస్తుంది.

మహారాష్ట్రలో నరేంద్ర దాభోల్కర్ ఏళ్ళ పాటు మూఢనమ్మకాల మీద చట్టం కోసం తిరిగాడు. 2013 ఆగస్టు 20న పుణెలో ఆయన్ని కాల్చి చంపాక ఆ ఏడాదే చట్టం వచ్చింది. కర్ణాటక 2017లో చేసింది.

ఆమెను తెచ్చుకున్నాడు : ఇందులో '-కొను' చూడండి. తెచ్చాడు కాదు, తెచ్చుకున్నాడు, తన కోసం. మాంత్రికుడు 'దాచుకున్న'లో కూడా ఇదే '-కొను' ఉంది. స్వార్థం ఇద్దరిదీ సమానమని వ్యాకరణం ఒప్పుకుంది, కథ ఒప్పుకోలేదు.

తెచ్చుకోవడంలో గురువులకే గురువు కచుడు. ఆదిపర్వంలో ఉంది, నన్నయ తెలుగులో కూడా ఉంది. చచ్చినవాణ్ణి లేపే మృతసంజీవని అసుర గురువు శుక్రుడి దగ్గర ఉంది, దేవతల దగ్గర లేదు. దేవగురువు కొడుకు కచుడు శిష్యుడిగా చేరాడు. అసురులు వాణ్ణి పదే పదే చంపారు, చివరికి కాల్చి బూడిద కల్లులో కలిపి గురువుకే తాగించారు. శుక్రుడు తన కడుపులో ఉన్న శిష్యుడికి విద్య చెప్పాడు. వాడు కడుపు చీల్చుకొని వచ్చి, చచ్చిన గురువును అదే విద్యతో లేపాడు. తనను ప్రేమించిన గురువు కూతురు దేవయానిని కాదని విద్య పట్టుకొని పోయాడు. తన ప్రాణం పోతుందని తెలిసి శత్రువు కొడుక్కు విద్య చెప్పిన మాంత్రికుడు ఇంకెవరైనా ఉన్నాడా? ఈ ఘట్టమంతా శుక్రుడి ఇంట్లోనే జరుగుతుంది. నవల రాసేవాడికి ఇల్లు కట్టి తాళం చేతికిచ్చినట్టే.

అన్వయం : పదాలను కర్తల దగ్గరికి చేర్చడమే అన్వయం. మాంత్రికుడిని కర్తగా పెట్టి వాక్యం తిరగరాయబోయాను. 'నేను చచ్చాను' దగ్గర ఆగింది. తెలుగులో ఆ మాటకు ఇరుక్కుపోయానని అర్థం, చచ్చినవాడు చెప్పుకోవడానికి పనికిరాదు. మరి ఎవరు చెప్పాలి? సదాజపుడు చెబితే మాటమాటకూ గురువుగారంటాడు, పేరు రాదు. సంగు చెబితే ఇంకా కష్టం, మా వైపు ఆడవాళ్ళు మొగని పేరు నోట పలకరు. ఏమయ్యా అంటుంది, ఆయన అంటుంది. గౌరవం దక్కుతుంది, పేరు దక్కదు. నాకు పేరు కావాలి. పేరు పెట్టి పిలిచే హక్కు ఒక్కరికే ఉంది, ఆమెను ఏ కథా చూపించలేదు.

కాబట్టి మా తమ్ముని కొడుకు ఎప్పటికైనా ఆ నవల రాస్తే, రాకుమారీ చిలుకా లేకుండా మొదలుపెట్టమని చెబుతాను. కుర్రవాడు రాకుమారిని తీసుకొని పోయిన సాయంత్రం అది. ఊరు పెద్దవంగర కావచ్చు, మాయల ఫకీరు ఉండే నాగళ్ళపూడి గట్టు కావచ్చు. గొడ్లు ఇండ్లకు వచ్చే వేళ. ఒక ముసలామె గడప మీద కూర్చొని, దారిన పోయేవాళ్ళందరినీ ఆపి అడుగుతున్నది.

"మా యాకూబ్ ఇంకా ఇంటికి రాలే. పొద్దటి సంది బువ్వ తినలే వాడు. మీరెవరన్న చూసిన్రా?"